ఊదితే ఆరని దీపం

బర్గండీ సీమలో, బోన్ పట్టణానికి దక్షిణంగా, సున్నపురాతి కొండవాలును ఆనుకుని మోంతెర్వే అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్లో వోషో వారి ఇల్లంటే అందరికీ గౌరవమే. ఆ ఇంటి దిగువ మాళిగ అంటే మాత్రం... పొద్దువాలాక దాని పేరెత్తేవాళ్లు లేరు.

ఆ ఇంటికి నేలమాళిగలు రెండు. పైదానిలో ఏడాది పొడుగునా పని జరుగుతుంది. దిగువదానికి ఇరవై రెండు మెట్లు దిగాలి. అక్కడ కొవ్వొత్తి నిలవదని ప్రతీతి. గాలి వీచదు, తలుపు కదలదు. అయినా మంట వంగుతుంది... సన్నగిల్లుతుంది... ఎవరో పెదవులు దగ్గరపెట్టి ఊదినట్టు టపీమని ఆరిపోతుంది.

"తుసాన్ ఊదాడు" అంటారు ఆ ఊరివాళ్లు. అని, వెనక్కి వచ్చేస్తారు. మళ్లీ వెలిగించే ప్రయత్నం చేయరు.

ఈ వృత్తాంతం చెప్పినది ఆ ఇంటి కూతురు సొలాంజ్. చెప్పేనాటికి ఆవిడ వయసు ఎనభై రెండు. అప్పటికి పదేళ్లుగా ఆవిడ దిజోన్ నగరంలో ఒంటరిగా ఉండేది. విన్నది పక్కవాటాలో ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భార్య. ఆ ఇల్లాలు విన్నది విన్నట్టు భర్తకు చెప్పింది. ఆయన నిదానస్తుడు, పొసగని చోట్ల ఒకటికి రెండుసార్లు వెళ్లి అడిగి, సరిచూసుకుని, ఆ మీదటనే మిత్రులకు చెప్పాడు. ఇక్కడ చెప్పేది ఆయన చెప్పిన వరుసలోనే.

తుసాన్ ఎవరంటే సొలాంజ్‌కు పెదనాన్న. ఆమె తండ్రి ఆన్సెల్మ్‌కు అన్న. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎర్ర వైను చేసేవారు. దిగువ మాళిగలో మనిషి నిలువున పట్టే చెక్క తొట్లు ఉండేవి. నల్లద్రాక్ష వాటిలో పులుస్తూ ఉంటే, కుర్రవాళ్లు బట్టలు విప్పి అందులో దిగి, తొక్కలు రసంలో మునిగేటట్టు కాళ్లతో తొక్కేవారు. వెయ్యి తొమ్మిదివందల ఒకటిలో, పందొమ్మిదేళ్ల తుసాన్ ఒక సాయంత్రం పాట పాడుతూ తొట్టిలో దిగాడు. పాట మధ్యలో ఆగింది. తొమ్మిదేళ్ల ఆన్సెల్మ్ పైనుంచి రెండుసార్లు పిలిచాడు...

శవాన్ని బయటికి తీసినప్పుడు మెడదాకా ఊదారంగు ఎక్కి ఉందట. ఎంత కడిగినా చేతులు తెల్లబడలేదట. అలాగే పూడ్చారు.

ఆ శీతకాలంలోనే వాళ్ల తండ్రి నల్లద్రాక్ష తీగలన్నీ పెకలించి, తెల్లద్రాక్ష నాటాడు. ఆ పైన ఆ ఇంట్లోకి నల్లద్రాక్ష గెల రాలేదు. ఎర్ర వైను చుక్క బల్లమీదికి ఎక్కలేదు. దిగువ మాళిగను, పంట విరగకాసి పైన చోటు చాలని ఏడు తప్ప, తెరవలేదు. తెరిచిన ఆ నాలుగైదు సార్లూ కొవ్వొత్తులు ఆరాయి.

యాభై మూడులో మళ్లీ పంట విరగకాసింది.

ఆ కోతకు సొలాంజ్ భర్త గిస్లాన్ మొదటిసారి అత్తవారింటికి వచ్చాడు. దిజోన్‌లో ఇళ్లకు కరెంటు తీగలు వేసే పని ఆయనది. భారీ మనిషి, నవ్వుముఖం, చేతిపని తెలిసినవాడు. పెళ్లయి రెండేళ్లయినా మామగారి నోట "మీరు" తప్ప మరొక పిలుపు వినలేదు. సొలాంజ్‌కు పట్నపు ఇరుకు వాటా పడలేదు. పుట్టింటికి, ఆ తీగల మధ్యకు తిరిగి రావాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. అది జరగాలంటే ఆన్సెల్మ్ తన మాళిగల తాళాలు అల్లుడి చేతిలో పెట్టాలి. ఆన్సెల్మ్ ఒకరి చేతిలో అంత తేలిగ్గా ఏదీ పెట్టే మనిషి కాడు.

వస్తూనే పొరపాటు జరిగింది. గిస్లాన్ దారిలో బోన్‌లో దిగి, సంతవీధిలో మామగారికని మంచి ఎర్ర వైను సీసా ఒకటి కొన్నాడు. గుమ్మం దాటకముందే వంటావిడ ఫిలోమెన్ దాన్ని లాక్కుని శాలువా చాటున పెట్టుకుంది.

"ఏమిటిది బాబుగారూ! చావింట్లోకి చక్కిలాల పళ్లెమా?"

"మంచి సరుకే పెద్దమ్మా!"

"మంచిదైతే పక్కింటివాళ్లు తాగుతారులెండి. మీరు కాళ్లు కడుక్కుని లోపలికి రండి, ఏమీ తేనట్టు."

ఆ రాత్రే ఆమె వంటింట్లో తుసాన్ కథంతా చెప్పింది. అంతా చెప్పి, చివర ఇలా అంది:

"మా ఊళ్లో కొవ్వొత్తి లేకుండా ఎవరూ మాళిగ దిగరు. అది ఆరిందా — తుసాన్ వద్దన్నాడన్నమాట. వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు."

గిస్లాన్ భార్య వైపు చూసి కన్నుగీటాడు. సొలాంజ్ గిన్నెలు తుడుస్తూ నవ్వింది. చిన్నప్పటినుంచీ విన్న మాట. అందులో చెప్పవలసింది ఇంకేదైనా ఉందని ఆమెకు తోచలేదు.

కోత ముగిసిన రోజున ఆనవాయితీ ప్రకారం కోతవాళ్లందరికీ విందు. పొడవాటి బల్లలు, చీజు కలిపి కాల్చిన గుల్లబూరెలు, పంది తొడమాంసం, పాటలు. అంతా ఉంది, ఒక్క ఆన్సెల్మ్ మొహంలో మాత్రం కళ లేదు. మధ్యాహ్నం పీపా దొర్లించబోతే మోకాలు బెణికింది. బల్ల కింద కాలు చాపుకుని కూర్చున్నాడు.

పైన చోటు చాలక పన్నెండు పీపాలు దిగువ మాళిగలో పెట్టించి అప్పటికి వారం. రసం పొంగు మీద ఉంది. రెండు రోజులుగా మంచు పడుతోంది. చలి తగిలితే రసం పులియడం ఆగిపోతుందని, ఆన్సెల్మే దగ్గరుండి ఆ మాళిగ గాలికిటికీలలో గడ్డి కూరించాడు.

రోజూ పడుకోబోయే ముందు ఆయన దిగి, ఒక్కొక్క పీపా బిరడా దగ్గర చెవి ఆనించి వినేవాడు. పులిసే రసం పాడుతుంది. పాట సన్నగిల్లిన పీపాను మర్నాడు కర్రతో కలపాలి. అది యజమాని పని. కూలికి అప్పగించేది కాదు.

"ఇవాళ ఎవరు వింటారయ్యా?" అన్నాడు కోతవాళ్లలో ఒకడు. "దిగువ పీపాల పాట?"

చూపులన్నీ బల్ల కింద చాపిన ఆ కాలు మీదికి వెళ్లాయి.

"దిజోన్ దొరగారున్నారుగా!" అంది ఒక కోతమ్మాయి. "కరెంటు బల్బుకు చెవి పెట్టి వింటారు, పీపా ఒక లెక్కా?"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. గిస్లాన్ కూడా నవ్వాడు. నవ్వి, లేచి నిలబడ్డాడు.

"నేను వెళ్తాను మామగారూ."

ఆన్సెల్మ్ చేతికర్ర అందుకున్నాడు. "పన్నెండు పీపాలు. తొందరపడకూడదు. ఒక్కొక్కదాని దగ్గర ఊపిరి బిగబట్టి వినాలి."

"వింటాను."

"సరే... రండి."

ఆ 'రండి'లో మొదటిసారి ఏదో మెత్తదనం గిస్లాన్‌కు వినిపించింది.

కర్ర ఊతంతో మామగారు, వెనుక అల్లుడు, మాళిగ తలుపు దాకా వెళ్లారు. ఆన్సెల్మ్ గూట్లోంచి కొవ్వొత్తి తీసి ఇచ్చాడు. గిస్లాన్ దాన్ని అందుకుని, మర్యాదగా మళ్లీ గూట్లోనే పెట్టి, జేబులోంచి నిగనిగలాడే టార్చి తీశాడు.

"దీన్ని మీ అన్నగారు ఊదలేరు లెండి."

ముసలాయన నోరు తెరిచాడు. అన్న మాట వచ్చేసరికి ఏం అడ్డుపడిందో... చెప్పబోయింది మానేసి, తలుపు తీశాడు.

గిస్లాన్ మెట్లు లెక్కపెడుతూ దిగాడు. ఒకటి... ఆరు... పదమూడు... ఇరవై రెండు.

కింద వెచ్చగా ఉంది. పుల్లటి, తియ్యటి వాసన. టార్చి వెలుగులో నల్ల బూజు పట్టిన కప్పు, బారుగా పన్నెండు పీపాలు. మూలన విరిగిన పాత తొట్టి ఒకటి — పలకలకు ఇంకా ఊదారంగు జీర.

మొదటి పీపాకు చెవి ఆనించాడు. దూరాన రేకుల కప్పు మీద సన్నజల్లు కురుస్తున్నట్టుంది. ఆయన మొహం విచ్చుకుంది. 'నిజంగానే పాడుతోంది!'

రెండోది. మూడోది. ప్రతిదాని దగ్గరా వంగి, ఊపిరి బిగబట్టి, వదిలి, మళ్లీ గట్టిగా పీల్చి...

అయిదో పీపా దగ్గర పాటలో మరొక చప్పుడు కలిసింది. చిత్తడిలో ఎవరో అడుగులు వేస్తున్నట్టు... కాలు దిగబడినట్టు, పైకి లాగినట్టు... మళ్లీ దిగబడినట్టు.

టార్చి తిప్పాడు. ఎవరూ లేరు.

ఏడో పీపా దగ్గర మోకాళ్లు బరువెక్కాయి. విందులో కాస్త ఎక్కువైందనుకున్నాడు. తలుపు దాకా వెళ్లి రావాలనిపించింది. వెళితే? పైన మామగారు. బల్లల దగ్గర ఆ నవ్వులు...

ఎనిమిదో పీపా.

అప్పుడు తగిలింది — మొహానికి.

ఊపిరి.

ఎవరో ఎదురుగా నిలబడి, పెదవులు సున్నాలా చుట్టి ఊదినట్టు. వెచ్చగా. టార్చి అద్దం మీద సన్నటి ఆవిరి కమ్మింది... విడిపోయింది. దీపం ఆరలేదు.

మళ్లీ ఊదారు.

మళ్లీ.

భయపెట్టేవాడి ఊపిరిలా లేదది. తొందర పడుతున్నట్టుంది... బతిమాలుతున్నట్టుంది. ఊదడం, దీపం వైపు చూడడం, ఆరకపోయేసరికి మరింత గట్టిగా ఊదడం.

గిస్లాన్ నవ్వాడు. "ఊదు... ఊదు! ఆరదు!" అన్నాడు పైకే. తన గొంతు తనకే ఎక్కడో బావిలోంచి వినిపించింది. టార్చి దివ్యంగా వెలుగుతోంది. అది వెలుగుతుండగానే ఆయన కళ్లకు చీకటి కమ్మింది.

పైన, సొలాంజ్ కోతవాళ్లను సాగనంపి, చేతిలో ఖాళీ పళ్లేలతో లోపలికి వచ్చింది. తండ్రి మాళిగ తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆయనేరీ?"

"కింద. పాట వింటున్నాడు. ఇప్పుడే నవ్వాడు కూడా." ముసలాయన గొంతులో దాచుకోలేని సంతోషం. "గుండెగలవాడేనమ్మా!"

సొలాంజ్ చూపు గూటి మీద పడింది. కొవ్వొత్తి అక్కడే ఉంది.

"కొవ్వొత్తి ఇక్కడుందేం నాన్నా?"

"టార్చి తీసుకెళ్లాడు."

చేతిలో పళ్లేలు జారి భళ్లున పగిలాయి.

"చెడుగాలి సంగతి ఆయనకు చెప్పావా?"

"చెప్పడమేమిటి? ఫిలోమెన్ చెప్పిందన్నావుగా. అయినా అది తెలియనిదెవరికి?"

"ఆయనకు తెలియదు నాన్నా!" ఆమె తండ్రి భుజం పట్టి ఊపింది. "ఫిలోమెన్ తుసాన్ గురించి చెప్పింది. అంతే! దీపం పెదనాన్న ఊదుతాడనే ఆయన అనుకుంటున్నారు. దెయ్యం అనుకుంటున్నారు!"

పులిసే రసంలోంచి ఒక గాలి పుడుతుంది. కంటికి కనిపించదు; నేలను పట్టుకుని నీళ్లలా నిండుతుంది. అందులో మంట బతకదు, మనిషీ బతకడు. తుసాన్‌ను తీసుకుపోయింది అదే. మోంతెర్వేలో ఈ సంగతి తెలియనివాడు లేడు. తెలుసు గనకనే యాభై ఏళ్లుగా ఎవరూ దాని అసలు పేరు పలకలేదు. పిల్లలు మాట వింటారని 'తుసాన్ ఊదాడు' అన్నారు. పెద్దలయ్యాకా ఆ మాటే అన్నారు. ఆ మాట వెనుక ఏముందో బయటివాడికి విప్పి చెప్పాలన్న ఊహ ఆ ఊళ్లో ఒక్కరికీ రాలేదు. కన్నకూతురికీ రాలేదు.

ఆన్సెల్మ్ కొవ్వొత్తి వెలిగించి మెట్లమీదికి వంగాడు. ఒకటి... రెండు... మూడు... నాలుగో మెట్టు మీద మంట వంగింది. ఆరిపోయింది.

"గిస్లాన్!"

కింద వెలుగు కనిపిస్తోంది. కదలడం లేదు.

"నువ్వు పరుగెత్తు," అన్నాడు ఆన్సెల్మ్. "ముందు గాలికిటికీల్లో గడ్డి లాగెయ్. తర్వాత పక్కింటి అన్నదమ్ముల్ని తాళ్లతో రమ్మను."

"నువ్వు దిగకు నాన్నా. ఒట్టు వెయ్యి."

"వెళ్లమన్నానా!"

ఆమె పరుగెత్తింది. వేళ్లు చిట్లి నెత్తురొచ్చేదాకా గడ్డి లాగింది. మొదటి కంత తెరుచుకోగానే, లోపలినుంచి తండ్రి గొంతు ఒక్కసారి వినిపించింది. ఒక్క మాట... పిలుపు లాంటిది. అది తన భర్త పేరు కాదని మాత్రం ఆమెకు అర్థమైంది. నిలబడి వినే వ్యవధి లేదు.

పక్కింటివాళ్లు తాళ్లతో, తడిగుడ్డలతో వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది.

గిస్లాన్ మెట్ల మీదే ఉన్నాడు. అన్నిటికన్నా పై మెట్టు మీద వెల్లకిలా, తల గుమ్మానికి ఇవతల. ఊపిరి ఆడుతోంది.

ఆన్సెల్మ్ అట్టడుగున, పన్నెండో పీపా పక్కన ఉన్నాడు. గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. టార్చి ఆయన ఒళ్లో వెలుగుతూనే ఉంది. ఊపిరి లేదు.

బోన్ నుంచి వైద్యుడు వచ్చాడు. అనుభవజ్ఞుడు, ప్రతి కోతకాలంలో ఇలాంటివి ఒకటో రెండో చూసినవాడు. ముసలాయన ఊపిరి బిగబట్టి దిగి, అల్లుణ్ని పైదాకా ఈడ్చి ఉంటాడన్నాడు. గాలి తలకెక్కితే దారి తెలియదని, తలుపు వైపు వెళ్తున్నాననుకుని మళ్లీ కిందికి దిగి ఉంటాడని చెప్పాడు. గిస్లాన్ రెండు మణికట్ల చుట్టూ వేళ్ల గుర్తులు ఊదారంగులో స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"చూశారా? పట్టి లాగిన చోట కమిలింది. వారంలో పోతుంది," అన్నాడు.

"మా అయ్యగారు మధ్యాహ్నం నుంచి కర్ర లేకుండా లేవలేకపోయారండీ," అంది ఫిలోమెన్ ఏడుస్తూ. "ఇంతటి మనిషిని ఇరవై రెండు మెట్లు..."

"ప్రాణం మీదికొస్తే బలం వస్తుందమ్మా."

అందరూ తలలూపారు. దాంతో ఆ మాట ఖాయమైపోయింది.

ఆన్సెల్మ్‌ను ఊరి శ్మశానంలో, అన్న పక్కనే పూడ్చారు. ఫిలోమెన్ ఆపైన పద్నాలుగేళ్లు బతికింది. కొత్తగా ఎవరు గడప తొక్కినా, పేరైనా అడగకముందే చెడుగాలి సంగతి విప్పి చెప్పేది. తుసాన్ పేరు మళ్లీ ఎత్తలేదు. వెక్కిరించిన కోతమ్మాయి మరుసటి ఏడు కోతకు రాలేదు. రైల్వేలో పనిచేసే ఒకతన్ని చేసుకుని లియోన్ వెళ్లిపోయిందన్నారు. గిస్లాన్ దిజోన్‌లో పని మానేసి, మోంతెర్వేకు వచ్చి, నలభై ఏళ్లు ఆ తీగల్ని సాగు చేశాడు. దిగువ మాళిగకు అడ్డంగా రాతిగోడ కట్టించాడు. తన మొహం మీద ఊదిన ఊపిరి సంగతి భార్యకు చెప్పాడు; వైద్యుడికి చెప్పలేదు. మామగారే తనను మోశారని నమ్మి, ఏటా ఆయన సమాధి మీద పూలు పెట్టి, తన డెబ్భై ఆరో ఏట నిద్రలోనే పోయాడు. ఆయన నమ్మకాన్ని సొలాంజ్ చెరపలేదు.

ఆయన పోయాక ఆవిడ ఇల్లు అమ్మేసి దిజోన్ చేరింది.

పక్కవాటా ఇల్లాలికి ఆవిడ చివరగా చెప్పింది ఇది. ఆ రాత్రి వైద్యుడు వెళ్లిపోయాక, తానొక్కతే తండ్రి చేతులు కడిగిందట. పాలిపోయి, శుభ్రంగా ఉన్నాయి. గోళ్ల సందున లేత పసుపు రసం, అంతే. తర్వాత పింగాణీ పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు తెచ్చుకుని, స్పృహలేని భర్త పక్కన కూర్చుని, కమిలిన మణికట్ల మీద తడిగుడ్డ వేసింది. నొప్పి తగ్గుతుందని.

కమిలితే నీళ్లకు పోదు.

అది పోయింది. ఒక్కొక్క వేలి గుర్తే కరిగి, గుడ్డలోకి, గుడ్డలోంచి పళ్లెంలోకి దిగింది. చేతులు తెల్లబడ్డాయి. నీళ్లు చిక్కటి ఊదారంగుకు తిరిగాయి — యాభై ఏళ్లుగా ఆ ఇంటి గడప తొక్కని నల్లద్రాక్ష రంగు. ఆమె పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టి, దాన్నే చూస్తూ తెల్లవార్లూ కూర్చుంది.

వెలుగొచ్చేసరికి ఆ నీటి మీద నురగ కట్టింది. అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు ఒకటొకటిగా లేస్తున్నాయి.